మీ పేపరు ఎవరి బల్ల మీద తెరిచి ఉంటుంది?

రాజవొమ్మంగి చుట్టుపక్కల గూడేల్లో పుట్టి, ఆశ్రమ పాఠశాలలో చదివి, డిగ్రీ దాటి, రాజమహేంద్రవరంలో నన్నయ యూనివర్సిటీలోనో విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనో మాలిక్యులర్ బయాలజీ వైపు వచ్చినవాళ్ల కోసం ఈ అధ్యాయం. మీ ఇంట్లో మొదటి డిగ్రీ మీదే అయి ఉండవచ్చు. రీసెర్చ్ పేపరు సంగతులు చెప్పడానికి ఊళ్లో అన్నో అక్కో లేకపోవచ్చు. ల్యాబ్‌లో చేరిన నాటి నుంచి మాత్రం ఒకటే మాట చెవిన పడుతూ ఉంటుంది: ఎన్ని పేపర్లు వచ్చాయి, ఏ జర్నల్‌లో, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంత, సైటేషన్లు ఎన్ని?

ఆ లెక్కలను తేలిగ్గా తీసుకోమని నేను చెప్పను. ఫెలోషిప్ ఇంటర్వ్యూలో, పోస్ట్‌డాక్ దరఖాస్తులో, అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి వడపోసేటప్పుడు అవి చూస్తారు. సిఫారసు చేసే బంధువు లేనివాళ్లకు అచ్చయిన పేపరే సిఫారసు. అందుకే దాన్ని ఎలా సంపాదించాలో సరిగ్గా తెలుసుకోవాలి. రాయడానికి కూర్చున్నప్పుడు మీ కళ్ల ముందు ఒక మనిషి ఉండాలి. రేపు ఎక్కడో ఒక ల్యాబ్‌లో మీ పేపరును బల్ల మీద తెరిచి పెట్టుకుని, అందులో రాసినట్టే చేసి చూసే మనిషి. అతనికి పని జరిగితే సైటేషన్ దానంతటదే వస్తుంది. జరగకపోతే ఎంత పెద్ద జర్నల్‌లో వచ్చినా కొన్నాళ్లకు ఆ పేపరు మూతబడిపోతుంది.

1925 నాటి 26 పేజీలు

దీనికి గోదావరి నేల మీదే ఉదాహరణ ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ పాసవలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కంటగింపై, ఎంబీబీఎస్ రావాల్సిన చోట ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. సోదరులిద్దరు సంగ్రహణి వ్యాధితో పోయారు. 1922 అక్టోబరు 26న ఆయన బోస్టన్‌లో దిగారు. అదే ఏడాది ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు దళం రాజవొమ్మంగి పోలీసు స్టేషను మీద పడింది. చింతపల్లి, కృష్ణదేవిపేటల తర్వాత వరసగా మూడో రోజు, మూడో స్టేషను. ఈ రెండు సంగతులకూ సంబంధమేమీ లేదు. అయినా ఈ ప్రాంతం పిల్లలకు రెండూ పక్కపక్కనే చెప్పాలనిపిస్తుంది నాకు. ఆ రెండూ జరిగింది రెండు నెలల తేడాతోనే.

హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్కే ల్యాబ్‌లో సుబ్బారావు ముందున్న పని పైకి చూస్తే చాలా చిన్నది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో నమ్మకంగా కొలవాలి. వాళ్లు తేల్చిన పద్ధతి ఇది. నమూనాలోంచి ప్రొటీన్లను తీసేసి వడగట్టాలి. ఆమ్లంలో కలిపిన మాలిబ్డేట్ పోయాలి. ఫాస్ఫేట్ దానితో కలుస్తుంది. అప్పుడు అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం చేరిస్తే కొద్ది నిమిషాల్లో నీలి రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కన. ముందే తెలిసిన మోతాదుతో చేసిన నీలంతో పోల్చి చూస్తే లెక్క తేలిపోతుంది.

ఇది 1925లో జర్నల్ ఆఫ్ బయోలాజికల్ కెమిస్ట్రీలో అచ్చయింది. ఒక రంగు పరీక్ష చెప్పడానికి 26 పేజీలు తీసుకున్నారు. ఏ పదార్థం ఉంటే రంగు చెడుతుంది, ఆమ్లం ఎంత ఉండాలి, పాత పద్ధతుల్లో ఎక్కడ తేడా వస్తోంది, రక్తానికి ఎలా చేయాలి, మూత్రానికి ఎలా చేయాలి అన్నీ విడివిడిగా ఉంటాయి. దాన్ని చదివి చేసేవాడు ఫిస్కేకి ఉత్తరం రాసి అడగాల్సిన అవసరం ఉండకూడదు. అందుకే అన్ని పేజీలు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. అదే పద్ధతిని కండరం మీద వాడినప్పుడు రంగు రావాల్సిన వేగంతో రాలేదు. మెల్లగా, ఆలస్యంగా చిక్కబడింది. మరొకరైతే నమూనా పాడైందని పారబోసేవారేమో. తమ పద్ధతి మీద తమకు అంత నమ్మకం ఉంది కాబట్టి, తేడా కండరంలోనే ఉందని వాళ్లు పట్టుకున్నారు. ఫాస్ఫేట్‌ను వదులుగా పట్టుకుని ఉన్న పదార్థం ఏదో ఆమ్లంలో మెల్లగా విడిపోతోంది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. జీవకణం శక్తిని ఎలా దాచుకుంటుంది, ఎలా ఖర్చు పెడుతుంది అన్న పాఠమంతా ఆ నీలి రంగు ఆలస్యం దగ్గర మొదలైంది.

ఇక సైటేషన్ల సంగతి. ఏటీపీని విడగొట్టే ఎంజైము ఎంత చురుగ్గా ఉందో తెలియాలంటే విడిపోయి వచ్చిన ఫాస్ఫేట్‌ను కొలిస్తే చాలు. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పరీక్ష కావాలన్నా, కణపొరలోని కొవ్వు పదార్థాల మోతాదు కావాలన్నా ఫాస్ఫేట్ కొలవాల్సిందే. అలా కొలిచినవాళ్లలో చాలామంది 1925 పేపరును పేర్కొన్నారు. 20వ శతాబ్దపు జీవశాస్త్రంలో అత్యధికంగా పేర్కొన్న పేపర్లలో అది ఒకటైంది. పేపరు వచ్చేనాటికి సుబ్బారావుకు పీహెచ్‌డీ లేదు. అది 1930లో వచ్చింది.

అంకె చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత

మీ పేపరును మరొకరు తమ పేపరులో ఆధారంగా పేర్కొంటే అదొక సైటేషన్. ఈ లెక్కలను పెద్ద ఎత్తున మొదలుపెట్టింది యూజీన్ గార్‌ఫీల్డ్. 1960ల్లో ఆయన తెచ్చిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌లోంచే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కూడా పుట్టింది. ఒక జర్నల్‌లో గత రెండేళ్లలో వచ్చిన పేపర్లకు ఈ ఏడాది పడ్డ సైటేషన్లను ఆ పేపర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే అది. అది జర్నల్ సగటు. మీ పేపరు గురించి అది ఏమీ చెప్పదు. ఒకటి రెండు పేపర్లకు వందల సైటేషన్లు పడి, మిగతావాటికి ఏమీ పడకపోయినా సగటు ఘనంగానే కనిపిస్తుంది. మనుషులను జర్నల్ అంకెతో తూచవద్దని 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో శాస్త్రవేత్తలు, సంపాదకులు కలిసి ఒక ప్రకటన రాశారు. దాన్ని డోరా అంటారు. ఇంటర్వ్యూ బోర్డుల్లో అది ఇంకా పూర్తిగా దిగలేదు, దిగాలి.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. మీ పేపర్లను సైటేషన్ల వరసలో పేర్చండి. 40, 12, 7, 4, 3, 0 అనుకుందాం. కనీసం నాలుగేసి సైటేషన్లున్న పేపర్లు నాలుగు ఉన్నాయి, ఐదేసి ఉన్నవి ఐదు లేవు. కాబట్టి మీ హెచ్-ఇండెక్స్ 4. మొదటి పేపరుకు 40కి బదులు 40 వేలున్నా ఇండెక్స్ 4 దగ్గరే ఆగుతుంది. సుబ్బారావు 1925 పేపరు కూడా ఈ లెక్కలో ఒక్కటిగానే నిలబడుతుంది.

ఇంకో సంగతి మనసులో పెట్టుకోండి. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ సైటేషన్లు పడ్డ పేపరు 1951లో ఆలివర్ లౌరీ బృందం రాసినది. ప్రొటీను మోతాదు కొలిచే పద్ధతి అది. 2014లో నేచర్ పత్రిక లెక్క తీసేనాటికి 3 లక్షలు దాటింది. అది తన గొప్ప పేపరేమీ కాదని లౌరీయే తర్వాత రాశాడు. డీఎన్ఏ జంట మెలికను చూపిన 1953 నాటి వాట్సన్, క్రిక్ పేపరు అదే లెక్కలో మొదటి వందలో లేదు. పాఠ్యపుస్తకంలోకి ఎక్కిన విషయాన్ని అందరూ తెలిసినదిగా తీసుకుంటారు, ప్రతిసారీ పేర్కొనరు. చేతిలో వాడే పద్ధతిని వాడిన ప్రతిసారీ పేర్కొంటారు. అందువల్ల సైటేషన్లు తక్కువ పడితే మీ పని లోతు తక్కువని కుంగిపోనక్కరలేదు, ఎక్కువ పడితే పొంగిపోనూ అక్కరలేదు. మీ పని ఎంతమంది చేతిలో పడింది అన్నదాన్ని మాత్రం అవి కొంతవరకు చెబుతాయి.

పద్ధతి రాసే చోట నిలబడండి

మన ఏజెన్సీకి దగ్గరి విషయం తీసుకుందాం: సికిల్ సెల్. బీటా గ్లోబిన్ జన్యువులో ఆరో కోడాన్ దగ్గర ఒక్క అక్షరం మారి, జీఏజీ ఉండాల్సిన చోట జీటీజీ వస్తుంది. దాంతో ప్రొటీనులో గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ చేరుతుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్రకణం కొడవలిలా వంగిపోతుంది. ఇది అణువులోనే ఉన్న జబ్బు అని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపించిన పేపరు మాలిక్యులర్ బయాలజీకి పునాదిరాళ్లలో ఒకటి. మన దేశంలో 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో దీన్ని మొదట గుర్తించారు. 2023 జులై 1న కేంద్రం జాతీయ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించడం దాని లక్ష్యం. కాబట్టి ఈ కొండల నుంచి వచ్చే మంచి పేపరు కోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నారు.

మీ పీహెచ్‌డీ ఈ గ్రామాల రక్తనమూనాల మీదే అనుకుందాం. చాలా థీసిసుల్లో పద్ధతి రెండు ముక్కల్లో అయిపోతుంది: నమూనాలు సేకరించాం, ప్రామాణిక పద్ధతిలో డీఎన్ఏ తీసి పీసీఆర్ చేశాం. ఒడిశాలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో అదే పని చేయబోయే విద్యార్థికి ఈ రెండు వాక్యాలు ఎందుకూ పనికిరావు. అతనికి కావాల్సింది వేరు. ఊదా మూత ఈడీటీఏ గొట్టంలో తీశారా? జడ్డంగి దాటి లోపలి గూడెంలో తీసిన రక్తం ఐసు పెట్టెలో ఎన్ని గంటలు ఉంది? వాగు పొంగి బండి ఆగిన రోజు నమూనాలను ఏం చేశారు, లెక్కలోంచి తీసేశారా, ఉంచారా? ఫ్రిజ్‌కు కరెంటు పోతే? ప్రైమర్ల వరస ఏది, ఏ ఉష్ణోగ్రత దగ్గర అతుక్కున్నాయి, ఎన్ని నమూనాలు మొదటిసారి పనిచేయలేదు?

సాల్యుబిలిటీ పరీక్షే చూడండి. చిన్న గొట్టంలో ద్రావణం, అందులో కాస్త రక్తం. నల్ల గీతలు గీసిన తెల్ల కాగితం ముందు గొట్టాన్ని పట్టుకుంటారు. గీతలు స్పష్టంగా కనిపిస్తే నెగెటివ్, మసకబారి కనుమరుగైతే పాజిటివ్. పైకి ఇంతే. కానీ ఎన్ని నిమిషాలు ఆగి చూశారు? చూసింది ఒకరా, ఇద్దరు విడివిడిగానా? ట్యూబులైటు కిందా, వసారాలో ఎండ వెలుగులోనా? రక్తహీనత బాగా ఉన్నవాళ్లలో, ఆరు నెలల లోపు పిల్లల్లో ఈ పరీక్ష తప్పిపోవచ్చు. క్యారియర్ ఎవరో, జబ్బు ఉన్నది ఎవరికో ఇది విడదీసి చెప్పలేదు. దానికి హెచ్‌పీఎల్‌సీ కావాలి. ఇవన్నీ మీ నోట్‌బుక్‌లో ఉంటాయి, పేపరులోకి రావు. రానివ్వండి. పేజీలు చాలవంటే జర్నళ్లు అనుబంధంగా వేరే ఫైలు తీసుకుంటాయి.

మనుషులను ఎలా ఎంచుకున్నారన్నది అంతకంటే పెద్ద విషయం. సంత రోజున ఆసుపత్రి దగ్గర కూర్చుని నమూనాలు తీస్తే కొండ దిగి వచ్చినవాళ్లే దొరుకుతారు. నడవలేనివాళ్లు, నొప్పులతో మంచం పట్టినవాళ్లు, అంటే అసలు జబ్బున్నవాళ్లే తప్పిపోవచ్చు. పోడు పనుల కాలంలో ఇంటింటికీ తిరిగితే ముసలివాళ్లూ పిల్లలూ తప్ప ఉండరు. ఈ సంగతి బోస్టన్‌లో కూర్చున్న రివ్యూయరుకు తెలియదు. ఇక్కడ పుట్టిన మీకు తెలుసు. ఆ తెలివిడిని పేపరులో రాయండి. ఏ రోజుల్లో, ఏ వేళల్లో, ఎక్కడ తీశారో, ఎవరు తప్పిపోయి ఉండవచ్చో చెప్పండి. దాన్ని బలహీనత ఒప్పుకోవడంగా చూడకండి. మీ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో చదివేవాడికి మీరు ఇస్తున్న కొలబద్ద అది. నిజం చెప్పాలంటే ఏజెన్సీ విద్యార్థికి నగరం ల్యాబ్ మీద ఉన్న అసలైన పైచేయి ఇదే.

ఊరి ప్రశ్న చిన్నదని అనుకోకండి. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు కలకత్తాలో జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర జన్యుశాస్త్రం నేర్చుకున్నారు. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు ఎంత ఉన్నాయి, వాటి ఫలితాలేమిటి అని లెక్క తీసి 1963లో జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌లో అచ్చు వేశారు. మన ఇళ్లలో మామూలుగా మాట్లాడుకునే సంగతే. దాన్ని లెక్కగా, పద్ధతిగా రాసేసరికి రక్తసంబంధ వివాహాల మీద పనిచేసేవాళ్లకు అది ఆధారంగా నిలిచింది. ఆ జర్నల్ 1910లో బేట్సన్, పన్నెట్ మొదలుపెట్టినది. హాల్డేన్ మన దేశానికి వచ్చేస్తూ దాన్నీ తనతో తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నడుపుతోంది. మామూలు పద్ధతిలో వేస్తే రచయిత దగ్గర డబ్బు తీసుకోదు. మొదటి పేపరుకు ఇలాంటి చోటు ఎంతో మర్యాదైనది.

పేరు ఒక్కటే ఉండాలి

ఇది చిన్న విషయంలా కనిపించి తర్వాత పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది. యల్లాప్రగడ ఇంటిపేరు, సుబ్బారావు పెట్టిన పేరు. పాశ్చాత్య జర్నళ్లలో సుబ్బారావే ఇంటిపేరుగా మారిపోయి, యల్లాప్రగడ ఒక్క పొడి అక్షరంగా మిగిలింది. సుబ్బారావు అన్న మాటను కూడా కలిపి కొందరు, విడదీసి కొందరు రకరకాలుగా రాశారు. మీ పేరును ఇలా రకరకాలుగా రాస్తే కంప్యూటర్ వాటిని వేర్వేరు మనుషులుగా లెక్కిస్తుంది. ఒక పేపరులో ఇంటిపేరు ముందు, మరో పేపరులో వెనక, ఇంకో చోట పెళ్లి తర్వాతి ఇంటిపేరు పెడితే మీ సైటేషన్లు ముగ్గురి ఖాతాలోకి చీలిపోతాయి. చివర దొర, రెడ్డి అని ఉండే పేర్లు వేలల్లో ఉంటాయి కాబట్టి మనవాళ్లకు ఈ బెడద ఇంకా ఎక్కువ. మొదటి పేపరుకు ముందే ఇంగ్లిషులో మీ పేరు ఎలా ఉండాలో తేల్చుకుని, జీవితాంతం అలాగే వాడండి. ఆర్కిడ్ ఐడీ తీసుకోండి. ఉచితం, 16 అంకెలు, ఎక్కడికి వెళ్లినా మీతోనే ఉంటుంది. గూగుల్ స్కాలర్‌లో ప్రొఫైల్ తెరిచి, మీవి కాని పేపర్లు మీ పేరున చేరితే తీసేయండి. ఇంటర్వ్యూలో వాటిని ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

డబ్బు అడిగే తలుపులు

మొదటి పేపరు వచ్చిన వారంలోనే మీకు మెయిళ్లు మొదలవుతాయి. మిమ్మల్ని గౌరవనీయ ప్రొఫెసర్ అని పిలుస్తారు. వారం రోజుల్లో అచ్చు వేస్తామంటారు. మీ విషయానికి సంబంధం లేని జర్నల్‌కు కూడా రాయమంటారు. చివర ఫీజు ఉంటుంది. ఈ వ్యాపారం మన ముంగిట్లోనే పెరిగింది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సరైన సమీక్ష లేకుండా అచ్చు వేస్తోందని, ఫీజుల సంగతి దాచిందని అభియోగం. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు ఇచ్చింది. అలాంటి చోట వేసిన పేపరు ఉన్నదానికంటే లేకపోవడమే నయం. మంచి డేటాను ఒకసారి అక్కడ పారేస్తే మళ్లీ మంచి జర్నల్‌కు పంపలేరు. కష్టపడి కొండెక్కి తెచ్చిన నమూనాలు అలా వృథా కావడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

థీసిస్ ఇవ్వడానికి పేపరు తప్పనిసరి అన్న భయంతోనే చాలామంది ఆ తలుపు తడతారు. 2022 నవంబరులో వచ్చిన నిబంధనల్లో యూజీసీ ఆ షరతు తీసేసింది. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుందేమో రాతపూర్వకంగా కనుక్కోండి, సీనియర్ల మాట మీద ఆధారపడకండి. జర్నల్ నిజమైనదో కాదో చూడటానికి దాని పాత సంచికలు తెరిచి నాలుగు పేపర్లు చదవండి. మీ రంగంలో మీకు తెలిసిన పేర్లు ఒక్కటీ కనిపించకపోతే ఆగండి. పబ్‌మెడ్‌లో వెతకండి.

చదవడానికి డబ్బు లేదన్న ఇబ్బంది కొంత తీరింది. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13,000, ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివేవాళ్లకు అందుబాటులో ఉంటాయి. మీ కాలేజీ అందులో నమోదైందా అని లైబ్రేరియన్‌ను అడగండి. కాకపోయి ఉంటే చేయించండి.

ఎవరి పేరు, ఏ వరసలో

జార్జ్ హిచింగ్స్ 1988లో నోబెల్ అందుకున్నాడు. హార్వర్డ్‌లో ఆయన కూడా ఫిస్కే దగ్గరే పనిచేశాడు. సుబ్బారావు వేరు చేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఫిస్కే బయటికి రానివ్వలేదని, తర్వాతి కాలంలో వేరేవాళ్లు వాటిని మళ్లీ మొదటి నుంచి కనుక్కోవాల్సి వచ్చిందని ఆయన చెప్పాడు. ఎంత గొప్ప పనైనా నోట్‌బుక్‌లో ఉండిపోతే లోకానికి లేనట్టే.

గైడ్‌తో గొడవ పడమని నేననడం లేదు. పని మొదలుపెట్టినప్పుడే, ఇంకా ఫలితం ఏమీ రానప్పుడే, మర్యాదగా అడగండి: సార్, ఈ పని పూర్తయితే మొదటి పేరు ఎవరిది, ఎప్పటికి రాయాలి? మేడమ్ అయితే మేడమ్. ఆ మాటలను తర్వాత ఒక చిన్న మెయిల్‌గా పంపండి. ఫలితం వచ్చాక అడిగితే అది పేచీ అవుతుంది, ముందే అడిగితే ఏర్పాటు. అలాగే కరెస్పాండింగ్ ఆథర్‌గా ఎవరుంటారో తెలుసుకోండి. గైడ్ ఒప్పుకుంటే బయోఆర్‌కైవ్ లాంటి ప్రిప్రింట్ వేదికలో ముందుగా పెట్టవచ్చు. మీ ఫలితానికి ఒక తేదీ పడుతుంది.

మీరు అడిగినట్టే మిమ్మల్నీ అడగాల్సినవాళ్లు ఉంటారు. మీతో గూడేలు తిరిగిన ఆశా కార్యకర్త, రక్తం తీసిన ల్యాబ్ టెక్నీషియన్, మాట అర్థం కాని చోట దుబాసీగా నిలబడ్డ కుర్రాడు. అధ్యయన రూపకల్పనలో, విశ్లేషణలో, రాతలో నిజమైన పాలుంటే రచయితగా పేరు పెట్టాలి. లేకపోతే కృతజ్ఞతల్లో, వాళ్లను అడిగి, పూర్తి పేరుతో. సిబ్బంది సహకారం అని ఒక ముక్కలో తేల్చేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

సైటేషన్‌కు కనిపించని చోటు

సుబ్బారావు 1940లో హార్వర్డ్ వదిలి లెడర్లీ కంపెనీలో చేరారు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకుడు ఆయనే. సోదరులను తీసుకుపోయిన సంగ్రహణికి అది మందు. 1947లో అక్కడి నుంచే హెట్రజాన్ వచ్చింది. మనం డీఈసీ అంటాం. గోదావరి జిల్లాల్లో బోదకాలు రాకుండా ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి, తమ ఎదుటే మింగించే మాత్ర అదే. మింగేవాళ్లెవరూ సుబ్బారావును సైట్ చేయరు. ఆ మాత్ర చేసిన మేలు ఏ హెచ్-ఇండెక్స్‌లోకీ ఎక్కదు.

దీనికి తలకిందులైనదీ ఉంది. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోపల ఉండే హవసుపాయ్ తెగవాళ్లు తమలో పెరిగిపోతున్న మధుమేహం కోసమని 1990లలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులకు రక్తం ఇచ్చారు. ఆ నమూనాలను తమకు చెప్పని ఇతర పరిశోధనలకు కూడా వాడారని వాళ్లకు తర్వాత తెలిసింది. పేపర్లు వచ్చాయి, రక్తం ఇచ్చినవాళ్లకు మాత్రం కబురు లేదు. కోర్టుకు వెళ్లారు. 2010లో యూనివర్సిటీ 41 మందికి 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన నమూనాలను తిరిగి అప్పగించింది. ఆ తెగ చోట కొండదొరలనో, కొండరెడ్లనో పెట్టి ఆలోచించండి. రక్తం ఇచ్చేటప్పుడు ఏ పనికని చెప్పారో ఆ పనికే వాడాలి. వేరే దానికి కావాలంటే ఎథిక్స్ కమిటీ దగ్గరికీ, వాళ్ల దగ్గరికీ మళ్లీ వెళ్లాలి.

పేపరు అచ్చయ్యాక ఒక పని మిగిలి ఉంటుంది. దాన్ని మీ రికార్డులో ఎవరూ లెక్క వేయరు, అయినా చేయండి. ఫలితాన్ని ఒక్క పేజీలో తెలుగులో రాయండి. క్యారియర్ అంటే రోగి కాదని, పని చేసుకోవచ్చని, ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుందని, పరీక్ష ఎక్కడ చేస్తారో, ఎవరిని అడగాలో అందులో ఉండాలి. ఊరి పేరు, ఇంటిపేరు, గూడెం లెక్క రాయకండి. ముప్పై ఇళ్ల గూడెంలో ముగ్గురికి ఉందని రాస్తే ఆ ముగ్గురెవరో సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది, ఆ ఇంటి ఆడపిల్ల సంబంధం చెడిపోతుంది. పంచే ముందు ఆ పేజీని అక్కడి ఆశా కార్యకర్తతో చదివించండి. ఆమెకు అర్థం కాని వాక్యాలను తిరిగి రాసి, అప్పుడు కాపీలు తీయించండి. అడుగున మీ పేరూ, ఫోన్ నంబరూ ఉంచండి. పాజిటివ్ వచ్చిన ఇంట్లోవాళ్లు మొదట ఫోన్ చేసేది దానికే.